మూడు చిల్లుల ఆపరేషన్

సోమమ్మ కుడి గజ్జలో నిమ్మకాయంత గడ్డ లేచి ఎనిమిది నెలలైంది. నిలబడితే ఉబ్బేది, పడుకుంటే తగ్గేది. ఒకరికి చూపించుకునే చోటు కాదు. భర్త పోచయ్య పోయి ఆరేళ్లు. ఉన్నా ఆయనకు చెప్పేదో లేదో. చీర బిగించి కట్టుకుని, జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో పౌడరు డ్రమ్ములు ఎత్తుతూనే ఉంది. చిట్కుల్ నుంచి రోజూ తనతో ఆటోలో వచ్చే ముత్యమ్మకు కూడా తెలియనివ్వలేదు.

ఒక మంగళవారం గడ్డ లోపలికి పోలేదు. ఎర్రబడి, చీర తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. మధ్యాహ్నం ముత్యమ్మ చూస్తుండగానే డ్రమ్ము ఎత్తబోయి దాని మీదే వాలిపోయింది. లేబర్ కాంట్రాక్టర్ చలపతిరావు వచ్చి చూశాడు.

"గ్యాస్ అయ్యుంటుంది. సోడా తాగించండి" అని వెళ్లిపోయాడు.

ముత్యమ్మే ఆటో ఎక్కించి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

స్కానింగ్ చూసిన డాక్టర్ సత్యానందం ముఖం వెలిగిపోయింది. "హెర్నియాలో మామూలుగా పేగు జారుతుందమ్మా. నీకు అపెండిక్స్ జారింది. గజ్జలో చిన్న సందులో ఇరుక్కుని వాచింది. నా సర్వీసులో ఇదే మొదటిసారి చూడడం."

చిన్న డాక్టర్లను పిలిచాడు. నలుగురు నలుగురుగా వచ్చి, గడ్డ నొక్కి చూసి, ఫోటోలు తీసుకున్నారు. ఎనిమిది నెలలు దాచుకున్నది అరగంటలో పద్నాలుగు మంది చూశారు. సోమమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"సారూ, బరువులు లేపుడుతోని అయిందా ఇది?" కొంగు చాటునుంచే అడిగింది.

"అదీ కావచ్చు. దగ్గు, కాన్పులు, ఎన్నో ఉంటాయి. ఇదే కారణమని రాయలేం."

పొట్ట కొయ్యలేదు. మూడు చిన్న చిల్లులు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూసుకుంటూ అపెండిక్స్ తీసేసి సందు కుట్టేశారు. తెల్లకార్డు ఉండబట్టి ఖర్చు లేకుండానే అయింది. మూడో రోజు ఇంటికి పంపుతూ కాగితం ఇచ్చారు: ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. పైన 'అరుదైన కేసు' అని ఉంది.

పదిహేను రోజులు ముత్యమ్మే పొద్దున్నే జావ కాచి తెచ్చింది.

ఇరవయ్యో రోజు సోమమ్మ ఆ కాగితం పట్టుకుని కంపెనీకి పోయింది. "జెర కూసునే పని ఇయ్యిండ్రి సారూ. లేబుళ్లు అతికిస్త."

చలపతిరావు కాగితం చదివాడు. "అరుదైనదని డాక్టరే రాశాడుగా. లక్షలో ఒకరికి వచ్చేది మన డ్రమ్ముల వల్ల ఎలా వస్తుంది? అయినా మూడు చిల్లులేగా. మా బావమరిదికి ఇలాగే గాల్‌బ్లాడర్ తీస్తే వారానికే ఆఫీసుకు పోయాడు."

"ఆయనది కూసునే పని గద."

"ఎత్తగలిగితే ఎత్తు. లేదంటే గేట్ పాస్ ఇచ్చేసి పో."

"డ్రమ్ము లేపంగనే పడ్డ సారూ. ముత్యమ్మ చూసింది, అడుగుండ్రి."

ముత్యమ్మ లేబుళ్ల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఆమెకు ఇచ్చి వారం కూడా కాలేదు. తల ఎత్తలేదు.

"నేను ఆటో ఎక్కించిన, గంతే. ఎట్లైందో నాకేమెరుక" అంది.

సోమమ్మ గేట్ పాస్ బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

ఆ సాయంత్రం ముత్యమ్మ కూర గిన్నెతో గుమ్మంలో నిలబడింది. "నాకు ఇద్దరు పిల్లలున్నరు వదినా" అంది. సోమమ్మ గిన్నె అందుకుని లోపలికి పోయింది. ముత్యమ్మ కొంచెంసేపు చూసి వెళ్లిపోయింది.

మరో రెండు రోజులకు సోమమ్మ పటాన్‌చెరులో కూలీల అడ్డా మీద నిలబడింది. ఒక మేస్త్రీ ట్రాక్టరు ఆపి ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"ఇటుకలు మొయ్యాలె. ఒంట్ల రోగమేం లేదు గద?"

డాక్టర్ చెప్పిన ఆరు వారాలకు ఇంకా సగం దాకా ఉంది.

"ఏం లేదు. మోస్త" అంది సోమమ్మ, ట్రాక్టరు ఎక్కుతూ.