ఫోన్లు బందు పెట్టని ఆట

పసుపు బస్తాలన్నీ ఖాళీ చేయించి, గోడలకు రెండుసార్లు సున్నం కొట్టించినా ఆ సినిమా హాల్లో పసుపు వాసన పోలేదు. కోరుట్ల బస్టాండుకు అవతల ఉన్న ఆ హాలు మూతబడి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత ఓ వ్యాపారి దాన్ని గోదాముగా వాడుకున్నాడు. దాన్ని కొని మళ్లీ సినిమా ఆడించాలన్న ఆలోచన అనురాధది.

ఆమె పుట్టింటివాళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లు. బట్టకు ఆర్డర్లు తగ్గి మరమగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న రోజుల్లో ఆమె అక్కడి ఓ హాల్లో టికెట్లు ఇచ్చే పనికి కుదిరింది. మెల్లగా మేనేజరైంది. కూర్చోవడానికి మంచి కుర్చీ, శుభ్రమైన బాత్రూము, గేటు దగ్గర మర్యాద ఉంటే చిన్న ఊళ్లలో ఆడవాళ్లు సినిమాకు రాకుండా ఉండరని అక్కడే ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. దోహాలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్న భర్త భూమేశ్ ఆ నమ్మకానికి తన ఇన్నేళ్ల కష్టాన్ని తోడిచ్చాడు.

కుర్చీలు జగిత్యాలలో కూల్చేస్తున్న ఓ పాత హాలు నుంచి లారీలో వచ్చాయి. తెర కొత్తది. ప్రొజెక్టరు ఒకరు వాడి అమ్మినది. మిషను బాగానే ఉన్నా లోపలి లాంపు కాలం తీరిపోయింది. కొత్త లాంపు ఆర్డరు పెడితే, "వస్తుంది మేడం, ఓడ ఎక్కింది" అని హైదరాబాదు డీలరు చెబుతూ వచ్చాడు.

పనివాళ్లను కూడా ఆమే ఏరుకుంది. ఆపరేటరు రాజమల్లు రీళ్ల కాలం నుంచి ప్రొజెక్టరు గదిలో బతికినవాడు. హాళ్లు మూతబడ్డాక ఓ రైసు మిల్లుకు వాచ్‌మన్‌గా పోయాడు. అనురాధ పిలవగానే ఆ కొలువు మానేసి వచ్చాడు. టికెట్ల కౌంటరుకు కథలాపూర్ నుంచి శ్రీలత వచ్చింది. ఆమె బీడీలు చుట్టడం మానేసి వచ్చింది. భర్త రమేశ్ బహ్రెయిన్‌లో మేస్త్రీ.

శుక్రవారం మొదటి ఆట. బుధవారం నాటికి భూమేశ్ వచ్చేయాలి. విమానం టికెట్ కూడా తీసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం అనురాధ హాల్లో నిలబడి అతనికి వీడియో కాల్‌లో కుర్చీలు చూపిస్తూ ఉంది.

"ఎర్రరంగే ఉంచినవా? మంచిగుంది" అన్నాడు భూమేశ్. "గా బాల్కనీ మెట్లు చూపెట్టు."

ఆమె ఫోను అటు తిప్పింది. అప్పుడే ఫోనులోంచి ఏదో ఊదుతున్నట్టు పొడుగాటి చప్పుడు వచ్చింది. భూమేశ్ ముఖం పక్కకు తిరిగింది. వెనక ఎవరో హిందీలో అరుస్తున్నారు.

"ఏంది గది? ఏం చప్పుడు?"

"సైరన్. నువ్వు బుగులు పడకు. ఆగు, మళ్ల చేస్త" అన్నాడు. బొమ్మ ఆగిపోయింది.

సాయంత్రానికి టీవీలన్నీ ఆ రోజే మొదలైన యుద్ధాన్ని చూపిస్తున్నాయి. గల్ఫ్ మీద క్షిపణులు ఎగురుతున్నాయి, విమానాలు బందయ్యాయి. కోరుట్లలో, చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. బజారులో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట: "మీ ఆయిన ఫోన్ చేసిండా?"

మంగళవారం పొద్దున భూమేశ్ నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది: 'మంచిగున్న. క్యాంపు మారుస్తాండ్రు.' ఆ తర్వాత అతని నుంచి ఫోను రాలేదు. ఆమె చేసిన కాల్ కలవలేదు. అరగంటకోసారి ఫోను చేతిలోకి తీసుకునేది. రింగు శబ్దం పెంచి ఉందో లేదో చూసుకునేది. బాత్రూముకు పోయినా ఫోను వెంట ఉండాల్సిందే.

అదే రోజు డీలరు ఫోన్ చేశాడు. లాంపులున్న సరుకు దుబాయ్‌లో ఆగిపోయిందని, ఎప్పుడు కదులుతుందో తెలియదని చెప్పాడు. తన మనిషీ, తన మిషను దీపమూ ఒకే యుద్ధంలో చిక్కుకున్నాయి.

ఇంట్లో అత్త లసుమవ్వ అన్నం ముట్టలేదు.

"ఆట సంగతి ఏం జేసినవ్?" అని అడిగింది.

"ఏం తోస్తలేదు అత్తమ్మా. సినిమా ఇచ్చేటోళ్లు తేదీ రాసుకున్నరు. మనం ఆడకుంటే వేరే హాలుకు ఇస్తరు. పనోళ్లు కొలువులు ఇడిసిపెట్టి వచ్చిండ్రు."

"నా కొడుకు పానం యాడున్నదో ఎరుక లేదు. నువ్వేమో కొబ్బరికాయ కొట్టి బొమ్మలు ఆడిస్తవా? ఊరు ఉమ్మేస్తది!"

అత్త మాటలో తప్పు లేదు. అదే మాట అనురాధ పొద్దుటినుంచి తనకు తాను చెప్పుకుంటూనే ఉంది.

బుధవారం ఆమె హాలుకు వెళ్లి, రాజమల్లునూ శ్రీలతనూ కూర్చోబెట్టి, "వాయిదా ఏద్దామనుకుంటున్న" అంది.

"అక్కా, నాకూ ఆయిన ఫోను కలుస్తలేదు" అంది శ్రీలత. "ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తాంది. టీవీల గవే బాంబులు, పక్కింట్ల గవే ముచ్చట్లు. ఈడ కుర్చీలు తుడుస్తుంటేనే జర ఊపిరి ఆడుతాంది. బందు పెట్టకు అక్కా."

రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. "లాంపు సంగతి నేను అడిగొచ్చిన బిడ్డా. జగిత్యాలల ప్రేమ్‌సాగర్ దగ్గర ఒకటున్నది. కుర్చీలు అమ్మినాయినే. వాడిన లాంపు, ఇంక కొన్నాళ్లు వస్తది. ఊకెనే ఇస్త అన్నడు. ఆయిన తమ్ముడు సుత గల్ఫ్‌లనే ఉన్నడట."

"వాడింది పెడితే ఏం కాదా కాకా?"

"అబద్ధం చెప్ప. దాండ్ల గాలి గట్టిగ బిగవట్టి ఉంటది. పాతదైతే ఒక్కోసారి పగుల్తది. మిషనుకు నష్టం. మనిషి దగ్గరుంటే మనిషికీ నష్టం."

అనురాధ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. వాయిదా వేస్తే మనసుకు నిమ్మళమవుతుందా? కాదు. ఆడిస్తే? అదీ కాదు. తెల్లవారాక జగిత్యాల బస్సెక్కి, తిరిగొచ్చేటప్పుడు లాంపు పెట్టెను పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చింది. కుదుపులొచ్చిన ప్రతిచోటా డ్రైవరుకు, "అన్నా, జర పైలం" అని కేకవేసింది.

గురువారం మధ్యాహ్నం రాజమల్లు మందపాటి కోటు, ముఖానికి అడ్డు ఉన్న హెల్మెట్ వేసుకుని లాంపు బిగించాడు. అనురాధ గది బయట గోడను ఆనుకుని నిలబడింది. లోపల స్పానరు తిరిగిన చప్పుడు, ఆగిన చప్పుడు. ఆ మధ్యలోని నిశ్శబ్దంలో ఆమె దేవుణ్ని తలచుకోబోయి, ఎవరి కోసం మొక్కాలో తేల్చుకోలేకపోయింది. లోపలున్న ముసలాయన కోసమా, ఎక్కడున్నాడో తెలియని భర్త కోసమా? ఇద్దర్నీ కలిపి ఒకే దండం పెట్టింది.

తెర మీద తెల్లటి వెలుగు పడింది. కొంచెం పసుపు పచ్చగా ఉన్నా నిలకడగా ఉంది. రాజమల్లు బయటికి వచ్చి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకున్నాడు.

"వెలిగింది బిడ్డా" అన్నాడు.

శుక్రవారం మ్యాట్నీకి గేటు తెరిచారు. డప్పులు లేవు, పూలదండలు లేవు. అనురాధ ఒక అగరొత్తి వెలిగించి తెర ముందు పెట్టింది, అంతే. మొదట నలుగురైదుగురు కుర్రాళ్లు వచ్చారు. బజారులో ఒకాయన ఆమె వినేటట్టే, "అక్కడ మనోళ్లు సస్తాంటే ఈడ సినిమాలా" అని పోయాడు. ఆమె గేటు మూసేద్దామని లేచింది.

అప్పుడు ఆటోల్లో ఆడవాళ్లు దిగడం మొదలైంది. శ్రీలతతో కలిసి బీడీలు చుట్టినవాళ్లు, వాళ్ల చుట్టాలు, పక్కిళ్లవాళ్లు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ముందు నడిచిన పెద్దావిడ నర్సక్కది గొల్లపల్లి. కొడుకు ఆనంద్ కువైట్‌లో డ్రైవరు.

"నాకు సినిమా మీద మనసు లేదు బిడ్డా" అంది నర్సక్క. "ఇంట్ల ఒక్కదాన్నే ఫోను మొకం చూసుకుంట కూసోలేక అచ్చిన. గింతమంది నడుమ ఉంటే జర ధైర్యం. కని ఫోను బందు పెట్టుమంటే మాత్రం నేను పోత, ముందే చెప్తున్న."

హాలు గోడ మీద కొత్తగా రాయించిన అక్షరాలు అనురాధకు కనబడ్డాయి: ఫోన్లు ఆపివేయండి. సిరిసిల్లలో పనిచేసినన్నాళ్లూ ఆ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో! ఆట మొదలయ్యే ముందు ఆమె తెర ముందుకెళ్లి నిలబడింది.

"ఇయ్యాల ఎవ్వరు ఫోన్లు బందు పెట్టకుండ్రి. గల్ఫ్ నుంచి ఫోనొస్తే చెయ్యి లేపుండ్రి. ఆట ఆపుతం. మాట్లాడుకున్నంక మళ్ల నడిపిస్తం."

దీపాలు ఆరాయి. చీకట్లో ఫోన్ల వెలుగులు అక్కడక్కడా మినుకుమంటున్నాయి. శ్రీలత గోడవారగా టార్చితో నిలబడింది. అది ఊపితే రాజమల్లు ఆపాలి. తెర మీద ఓ ఇంటి పెళ్లి, అలకలు, నవ్వులు నడుస్తున్నాయి. నవ్వాల్సిన చోట ఒకరిద్దరు నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడినట్టు ఆగిపోయారు.

చాలాసేపటికి ఒక ఫోను మోగింది. టార్చి ఊగింది, బొమ్మ ఆగింది, దీపాలు వెలిగాయి. అందరి ముఖాలూ అటు తిరిగాయి. ఫోనెత్తినావిడ విని, కోపంగా పెట్టేసి, "రీఛార్జి చేయించుకోమంటాండు, పాడుగాను!" అంది. హాలంతా గొల్లుమంది. ఆ రోజు అందరూ మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంకాసేపటికి నర్సక్క చెయ్యి లేచింది. అంతకుముందే లేచి నిలబడింది. ఫోను చెవికి ఆనించుకోబోతే వేలు తగిలి స్పీకరు మోగింది.

"అవ్వా, నేనే. మంచిగనే ఉన్న."

"యాడున్నవ్ రా? తిన్నవా?"

"తిన్న. రూంలనే ఉన్నం అందరం. నువ్వు యాడున్నవ్?"

"సినిమా హాల్ల."

"ఏంది?"

"సినిమా హాల్ల ఉన్న రా! నీ ఫోనుకనే సినిమా ఆపిండ్రు. జల్ది చెప్పు, అందరు చూస్తాండ్రు."

నర్సక్క కూర్చున్నాక పక్కావిడ ఆమె వీపు నిమిరింది. ఆమె ఏడుస్తూ, "ఇంక నడిపియ్యుండ్రి" అంది. ఆ తర్వాత మరో రెండు మూడు ఫోన్లు వచ్చాయి. శ్రీలతకు కూడా వచ్చింది. టార్చి ఎవరికో ఇచ్చేసి గోడకు ముఖం పెట్టుకుని మాట్లాడింది. తిరిగి టార్చి తీసుకుంటూ అనురాధ వైపు చూసి, ఒకేసారి సంతోషమూ తప్పు చేసినట్టు బాధా పడింది. అనురాధ ఫోను మాత్రం మోగలేదు. ఒక్కొక్క ఫోను మోగినప్పుడల్లా ఆమె తన ఫోను తీసి చూసుకునేది, తనది కాదని తెలిశాక మళ్లీ గుప్పిట్లో బిగించేది.

ఇంటర్వెల్ అయ్యాక తలుపు తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. చీకట్లో తడుముకుంటూ, "అనురాధా! ఏ మూలకున్నవే!" అని కేక. అది లసుమవ్వ గొంతు. ఆ గొంతు వినగానే అనురాధ కుర్చీల నడుమ మెట్ల దాకా వచ్చింది. మంచి కబురైతే ఆమె ఇంత దూరం వస్తుందా?

టార్చి ఊగింది. దీపాలు వెలిగాయి. లసుమవ్వ చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. చేతిలో చిన్న బటన్ల ఫోను.

"వాడు చేసిండు!" అంది రొప్పుతూ. "వాని ఫోను ఉరుకులాటల యాడనో పడిపోయిందట. ఎవలదో అడుక్కుని చేసిండు. నీ నంబరు నోటికి రాదట వానికి, నా పాత నంబరే యాదికున్నదట. మంచిగున్నడే! చేతికి జర అద్దం గీసుకున్నదట, అంతే. నాకు ఫోను ఎత్తుడే వస్తది, చేసుడు రాదు, గందుకే ఉరికచ్చిన."

అనురాధ అక్కడే మెట్టు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. మొన్నటి నుంచి ఊపిరి సగమే తీసుకుంటున్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. లసుమవ్వ ఆమె తల మీద చెయ్యేసింది. తర్వాత చుట్టూ చూసి, ఇంతమంది తనవైపే చూస్తున్నారని గ్రహించి, నర్సక్క పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"కానియ్యుండ్రి మరి" అంది.

విమానాలు మొదలయ్యాక భూమేశ్ వచ్చాడు. అప్పటికి హాలు రోజూ ఆడుతోంది. గోడ మీది రాత అలాగే ఉంది, కానీ ఆడవాళ్లెవరూ ఫోన్లు ఆపడం లేదు. రాజమల్లు కూడా అడగడం లేదు. వచ్చిన మర్నాడు భూమేశ్ హాలంతా తిరిగి కుర్చీలు తడిమి చూశాడు. మ్యాట్నీకి బాల్కనీలో కూర్చున్నాడు. తెర మీద ఎక్కడో బాంబు పేలింది. స్పీకర్లు దద్దరిల్లాయి. అనురాధ పక్కకు చూసేసరికి అతను కుర్చీలో లేడు. వరండాలో మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అద్దం గీసుకున్న చేతికి ఇంకా కట్టు ఉంది.

"సౌండు మంచిగ పెట్టినవ్" అన్నాడు నవ్వబోయి. నవ్వు రాలేదు.

అనురాధ ప్రొజెక్టరు గదికి వెళ్లి రాజమల్లుతో శబ్దం తగ్గించమంది. ఆయన వెంటనే తగ్గించాడు. లోపల నుంచి కుర్రాళ్లు ఈలలు వేసి, "సౌండ్! సౌండ్!" అని అరవడం మొదలుపెట్టారు. ఆమె పట్టించుకోకుండా వచ్చి భర్త పక్కన మెట్టు మీద కూర్చుంది.

"కంపెనోళ్లు మళ్ల రమ్మంటాండ్రు" అన్నాడతను.

"ఏమన్నవ్?"

"ఇంకా ఏం చెప్పలే."

ఆమె అతని కట్టు లేని చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. లోపల అరుపులు సద్దుమణిగాయి. ఇద్దరూ ఇంటర్వెల్ దాకా అక్కడే కూర్చున్నారు.