మంత్రి ముందున్న బంటు

"నువ్వేం ఆలోచించక్కర్లేదు. మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరుపు, చాలు," అన్నాడు భర్త, బల్ల మీద తెల్లపావులు ఆమె వైపుకు తిప్పుతూ. ఆయన చదరంగం కోచ్. ఆదివారం పోటీలో తనకు ఎదురుపడబోయే ఆటగాడు ఎప్పుడూ ఆ బంటుతోనే మొదలుపెడతాడట. సాధనకు అతని బదులు ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లోనే, చేతికందేలా, గిన్నెలు తోముకుంటూ ఉంది.

పద్నాలుగేళ్లుగా ఇదే తంతు. ఆటకని కూర్చుంటే చాలు, కుక్కర్ కూస్తుంది, అత్తగారికి మాత్రల వేళవుతుంది, ఆయనకు టీ గుర్తొస్తుంది. ఆమె లేచి వెళ్లి వచ్చేసరికి, నీ ఎత్తు కూడా నేనే వేసేశాన్లే అనేవాడు. ఏం వేశారని అడిగితే, నీకు తెలిసేది కాదులే అని నవ్వేవాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండేది. అయినా లేచిన ప్రతిసారీ బల్లను మనసులో పెట్టుకుని వెళ్లడం అలవాటు చేసుకుంది. కళ్లకు గంతలు కట్టుకుని ఆడటం మహా కష్టమని ఆయన శిష్యులకు చెబుతుంటే, ఒక్కసారి మా వంటింట్లోంచి ఆడి చూడండి నాయనా అనుకునేది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరూ పిలవలేదు. చాలాసేపు ప్రతి ఎత్తూ తనే వేసింది. బంట్లు, గుర్రాలు ఒకదాన్నొకటి తినేసి మధ్య దారి ఖాళీ అయింది. ఆ దారికి ఇవతలి కొసన ఆమె ఏనుగు ఉంది. అప్పుడు పాలు పొంగాయి. ఆమె పొయ్యి దగ్గరుండగా ఆయన కేకేశాడు.

"మూలనున్న నీ బంటును నా ఏనుగు తినేసింది. నీది కూడా నేనే వేస్తున్నా."

ఆమె మసిగుడ్డతో గిన్నె దించుతూ మనసులోని బల్లను చూసుకుంది. చివరి వరుసలో ఆయన రాజును కాస్తున్నది ఆ ఒక్క ఏనుగే.

"మీరేం వెయ్యొద్దు. నా ఏనుగును మధ్య దారిలో చివరి గడిదాకా జరపండి," అంది.

చూసుకోలేదు, నా ఎత్తు వెనక్కి తీసుకుంటానని ముందుగదిలోంచి ఆయన అన్నాడు. వాడి ధ్యాసంతా పోటీ మీదుందమ్మా, పోనీ ఇచ్చెయ్యి అని అత్తగారు మంచం మీంచే సర్దిచెప్పింది. పోనీ అనుకుంటూ ఆమె ఎన్ని వదులుకుందో! చదువూ ఉద్యోగమూ అలాగే పోయాయి. ఈ ఒక్క ఆటైనా తనకు కావాలి.

చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆదివారం అతను వెనక్కి తీసుకోనిస్తాడా?"

"ఎందుకిస్తాడు?"

"నేనూ ఇవ్వను. జరపండి."

ఆయన తెల్ల ఏనుగును తన చేత్తోనే తీసి చివరి గడిలో పెట్టాడు. ఆట కట్టయింది. ఆమె చెప్పిన పని ఆయన చెయ్యడం, పెళ్లయ్యాక అదే మొదటిసారి.