నల్ల కారు మీద పసుపు గుడ్డ

నేను ఒక గుడ్డను. ఇంత చిన్న మాటతో మొదలుపెట్టడం నాకే నామోషీగా ఉంది గానీ, దాచి లాభం లేదు. కాకపోతే మీ వంటింట్లో మసిగుడ్డతోనో, బాత్రూము ముందు కాళ్ల కింద పడి ఉండే పాత లుంగీ ముక్కతోనో నన్ను కలిపేయకండి. నేను కారు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డను. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, చామంతి రంగు. తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి పోగులు లక్షలకు లక్షలు చేర్చి మిల్లులో నన్ను నేశారు. అన్ని పోగులు ఇచ్చినవాళ్లు ఒక్క నోరు మాత్రం ఇవ్వలేదు. నాకు వచ్చిన కష్టమంతా అక్కడే వచ్చింది.

మిల్లు నుంచి నన్ను ఒక అట్టపెట్టెలో పెట్టి పంపారు. ఆ పెట్టెలో నాతోపాటు ఒక షాంపూ సీసా, ఒక మైనం డబ్బా, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉన్నాయి. కాగితం మీద మమ్మల్ని ఎలా వాడాలో తెలుగులో కూడా అచ్చు వేసి ఉంది. నాలుగు నెలలు దానికి ఆనుకునే పడుకున్నాను కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది. ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించండి. పొడి దుమ్మును గుడ్డతో రుద్దకండి. వాడిన గుడ్డను ఉతికి ఆరేయండి. ఇంతే సంగతి, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

జూన్ నెలలో ఒంగోలు షోరూములో నన్ను అంకారావు చేతిలో పెట్టారు. యాభై ఏళ్ల మనిషి. చీమకుర్తి దారిలో ఉన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ మేస్త్రీ. ఇరవై రెండేళ్లుగా నల్లరాతి పలకలను అద్దంలా మెరిపించడమే అతని పని. పక్కన భార్య కోటేశ్వరి. చీమకుర్తి అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు టీచరు. ఆరోజు కారు ముందు ఇద్దరినీ నిలబెట్టి, మనిషంత అట్ట తాళం చెవి పట్టించి ఫొటో తీశారు.

"ఇది నీ కోసమే తీసుకున్నా కోటేశ్వరీ. ఇంక నువ్వు బస్సుల్లో నలగక్కర్లా," అన్నాడు అంకారావు. ఆ మాట అబద్ధం కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆమెకు రోజూ ఒంగోలు నుంచి బస్సు, అక్కడ దిగి షేర్ ఆటో, మళ్లీ సాయంత్రం అదే అవస్థ. నాలుగింటికి బడి వదిలితే ఇల్లు చేరేసరికి ఏడు. వారం తిరక్కుండా ఆమె కారు నేర్చుకునేందుకు ఎల్‌ఎల్‌ఆర్ కూడా తెచ్చుకుంది. ఆర్నెల్ల గడువు.

ఇక కారు. నల్లటి నలుపు. తొలిసారి దాన్ని తాకినప్పుడు అందులో నా పసుపు రంగు నాకే కనపడి మురిసిపోయాను. అంకారావుకూ అదే జబ్బు పట్టుకుంది. పూజ రోజున పంతులుగారు తడి కుంకుమతో బానెట్ మీద స్వస్తిక్ వేయబోతుంటే ఈయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"పంతులుగారూ, రంగు మీద వద్దండీ, మరక పట్టుద్ది. నంబరు ప్లేటు మీద పెట్టండి."

"నంబరు ప్లేటుకు పూజేంటి నాయనా, ఎన్నడూ వినలేదు," అని ఆయన నవ్వి, అక్కడే ఇంత బొట్టు పెట్టి వెళ్లిపోయాడు.

కారు కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరుకు కూడా బొట్టు పెట్టి పూజగదిలో భద్రం చేశారు. నా నేస్తం నాలుగు మడతల కాగితం కూడా అందులోకే పోయింది. దేవుడికి తప్ప దాన్ని చదివే భాగ్యం ఎవరికీ లేకపోయింది.

మొదటి ఆదివారం అంకారావు బోరు నీళ్లతో కారు కడిగాడు. మా వీధి బోరు నీళ్లు ఉప్పుకషాయం. కడిగి, ఎండలో వదిలేసి టిఫినుకు వెళ్లొచ్చేసరికి నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు తేలాయి. ఆ చుక్కలు వదిలించడానికి అతను మధ్యాహ్నం అన్నం కూడా మానేశాడు. సాయంత్రానికి ఒక శపథం చేశాడు.

"ఇంక దీని మీద చుక్క నీళ్లు పడకూడదు. పొడిగుడ్డతోనే తుడుస్తా."

ఆ శపథమే కొంప ముంచింది. మా ఇల్లు కర్నూలు రోడ్డుకు దగ్గర. పొద్దస్తమానం రాళ్ల లారీలు తిరుగుతుంటాయి. మా మీద పడేది మామూలు దుమ్ము కాదు, రాతిపొడి. చాలనట్టు అంకారావు ఫ్యాక్టరీ నుంచి మోటారు సైకిల్ మీద వస్తూ ఒళ్లంతా మరికాస్త మోసుకొచ్చేవాడు. కారు ఫ్యాక్టరీకి తీసుకుపోతే పాడైపోతుందని ఇంట్లోనే కవరు కప్పి ఉంచాడు. కారు మీద దుమ్ము పడకుండా కవరు, షేర్ ఆటోలో కోటేశ్వరి తల మీద దుమ్ము పడకుండా స్కార్ఫు. ఎవరి కోసం కొన్న కారో నాకప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

రోజూ పొద్దున్నే కవరు తీసి, నన్ను పట్టుకుని, బానెట్ మీదా టాపు మీదా గుండ్రంగా రుద్దేవాడు. ఎంత ప్రేమగా రుద్దేవాడో, అన్నిటికన్నా అదే నాకు దుఃఖం. నా పోగుల్లో ఇరుక్కున్న రాతిపొడి ప్రతి రుద్దుకీ కారు ఒంటిని గీరుతుంటే ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించేది. ఒకరోజు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నేను. ఫోనులో ఫ్యాక్టరీ కుర్రాళ్ల మీద ఒంటికాలి మీద లేస్తున్నాడు.

"ఒరే, మిషనుకు నీళ్లాపబాకండిరా! పొడిగా రుద్దితే రాయికైనా గీతలు పడతయ్యి. ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు!"

చెబుతూనే నాతో బానెట్‌ను పొడిగా రుద్దుతున్నాడు. నాకు నోరుంటే ఆ క్షణాన ఏమనేదాన్నో మీరే ఊహించుకోండి.

షెడ్డులో నాతోపాటు ఒకే తీగ మీద ఒక చిరిగిన బనియను వేలాడుతుండేది. చక్రాలు తుడిచే పని దానిది. మొదట్లో దాన్ని నేను పలకరించేదాన్ని కూడా కాదు. కానీ దాన్ని ప్రతి ఆదివారం కోటేశ్వరి బట్టలతో కలిపి ఉతికేది. నన్ను మాత్రం ఎవరూ ఉతకలేదు. ఖరీదైన గుడ్డ, ఉతికితే పాడైపోతుందని అంకారావు కట్టడి చేశాడు. ఆ బనియను మల్లెపువ్వులా ఆరుతుంటే, పక్కన నేను సిమెంటు రంగులోకి దిగిపోయాను.

ఆదివారాలు అంకారావు భార్యకు కారు నేర్పేవాడు. నేర్పడం అరగంట, ఇంటికొచ్చి తుడవడం గంట. అయినా ఆమె బాగానే పట్టేసింది. క్లచ్చు వదలడం, గేరు మార్చడం, వెనక్కి తీయడం, అన్నీ వచ్చాయి. అంతా సవ్యంగా పోతున్నదనుకుంటుండగా, కార్తీకంలో ఒక ఆదివారం, ఏటవాలు ఎండ నేరుగా బానెట్ మీద పడింది. నల్లరంగు నిండా సన్నటి గీతలు. సాలెగూడు అల్లినట్టు, ఒకదాని మీద ఒకటి. అంకారావు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కోటేశ్వరీ! ఏందిది?"

ఆమె వచ్చి చూసింది. "నాకేం తెలుసండీ?"

"నీ గాజులు తగిలుంటయ్యి. లేకపోతే నీ బ్యాగు జిప్పు."

"బ్యాగు బానెట్ మీద పెట్టుకుని తోలానా నేను?"

"కంపల్లోకి, చెట్లల్లోకి తిప్పబాకు అని చెప్పానా లేదా? నేర్చుకుంది చాల్లే."

తాళం చెవి చొక్కా జేబులోకి పోయింది. ఆ తర్వాత మూడు వారాలు ఆ జేబులోంచి బయటకు రాలేదు. డిసెంబరు రెండో వారంలో మంగళవారం ఆమెకు డ్రైవింగ్ టెస్టు. ఆ గురువారంతో ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆఖరు. అది దాటితే మళ్లీ మొదటికే.

"గడువైపోద్ది, ఒక్క ఆదివారమైనా తోలనీయండి," అని అడిగింది ఒకరోజు.

"అయిపోతే అయిపోనీ. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు అతను, నాతో తలుపు రుద్దుతూ.

ఆమె స్కార్ఫు కట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. నాకు ఆ రోజు చచ్చిపోవాలనిపించింది. దోషిని నేను. నా ఒంటినిండా సాక్ష్యం ఉంది. నేను నోరులేనిదాన్ని కాబట్టి ఆమె మాటలు పడుతోంది. గీతలు చూసిన దగ్గర్నుంచీ అంకారావు రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాడు, గీతలు రెట్టింపవుతున్నాయి, ఆమె తప్పూ రెట్టింపవుతున్నది.

టెస్టుకు రెండు రోజుల ముందు ఆదివారం. కోటేశ్వరి బట్టలు ఉతుకుతూ బనియను కోసం తీగ దగ్గరకు వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఇది పసుపు గుడ్డ గదా, ఇట్టా అయిందేంది!" అని, కట్టడినీ మొగుణ్నీ పక్కనపెట్టి, నన్ను తీసుకుపోయి స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి ముంచింది.

నీళ్లు తగలగానే నా ఒళ్లంతా వదులైంది. నాకు మాట్లాడటం రాదు గానీ, వదిలేయడం వచ్చు. ఆరు నెలలు పోగుపోగునా పట్టుకున్నదంతా వదిలేశాను. ఆమె నన్ను పిండి పక్కన పెట్టి, ఆ నీళ్లు పారబోయబోయి ఆగింది. సైన్సు టీచరు కదా. కాసేపు కదపకుండా ఉంచింది. పైనీళ్లు మెల్లగా వంచేసింది. బేసిన్ అడుగున చెంచాడు నల్లటి పొడి, మధ్యమధ్య చిన్న మెరుపులతో.

"ఏమండీ, ఒక్కసారి ఇట్టా రండి."

"ఏందే?"

"ఇదేందో చెప్పండి. మీకైతే తెలిసిద్ది."

అంకారావు చిటికెడు పొడి తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. పని తెలిసినవాడు, క్షణం పట్టలేదు. "మన రాయి పొడే. గరుగ్గా ఉంది చూడు. దీంతో రుద్దితే అద్దానిక్కూడా గీతలు పడతయ్యి. యాడిదిది?"

"మీ గుడ్డలోది."

అతను నన్ను చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. కారు దగ్గరకు వెళ్లి, ఫ్యాక్టరీలో రాతిపలకను చూసినట్టు ఒక కన్ను మూసి, టాపు మీదుగా ఎండకేసి చూశాడు. టాపు నడిమధ్యన కూడా గుండ్రటి గీతలే. అక్కడికి కోటేశ్వరి చెయ్యి చాపాలంటే స్టూలెక్కాలి. తిరిగొచ్చి బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

"నేనే," అన్నాడు. వేళ్లకంటిన పొడి దులుపుకుని, "పాలిష్ పెడితే పోతయ్యిలే," అన్నాడు.

"గీతలు పోతయ్యి, ఆ సంగతి మీకే బాగా తెలుసు. మూడు వారాలు నా గాజుల్నీ నా బ్యాగునూ ఆడిపోసుకున్నారే, దానికేం పాలిష్ పెడతారు?"

అంత కోపంగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంకారావు జేబులోంచి తాళం చెవి తీసి బేసిన్ పక్కన పెట్టాడు.

"తప్పు నాది కోటేశ్వరీ. టెస్టుకు ఇంకా రెండ్రోజులుంది. పోదాం పద."

"బట్టలు ఆరేసేది ఎవరు?"

అతను లేచి, బకెట్టు తీసుకుని, దుప్పట్ల దగ్గర్నుంచి రుమాళ్ల దాకా ఆరేశాడు. నన్నూ బనియనునూ పక్కపక్కనే వేశాడు. తడిసి పసుపు తేలిన నన్ను చూసి బనియను ఏమీ ఎద్దేవా చేయలేదు. దాని పెద్దరికం నాకప్పుడు తెలిసింది.

ఆ రెండు రోజులూ వాళ్లు ఎంత తిరిగారో నాకు తెలియదు గానీ, కారు ప్రతిసారీ దుమ్ము కొట్టుకునే వచ్చింది. మంగళవారం నన్ను కూడా డోరు అరలో పెట్టుకుని టెస్టుకు తీసుకెళ్లారు. ఎనిమిది అంకె తిప్పేటప్పుడు ఒకసారి బండి ఆగిపోయింది. నా పోగులన్నీ బిగుసుకుపోయాయి. ఆమె ఊపిరి పీల్చుకుని, మళ్లీ స్టార్ట్ చేసి, తాపీగా తిప్పి బయటకు వచ్చింది. పాసైంది. బయట నిలబడ్డ అంకారావు టీ కొట్టులో ముక్కూమొహం తెలియని నలుగురికి టీలు ఇప్పించాడు.

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు ఆమె ఒక్కతే కారులో బడికి వెళ్లింది. ఆ రోజు సెలవు పెట్టుకున్న అంకారావు మూడింటికే మంచినీళ్ల కుళాయి దగ్గర బకెట్టు నింపి, పూజగదిలోంచి నాలుగు మడతల కాగితం తీసి, చదువుకుంటూ గేటు దగ్గర కూర్చున్నాడు. అయిదు కాకముందే హారను వినపడింది. ఇంకా పొద్దు ఉండగా ఆమె ఇల్లు చేరడం ఆ ఏడు అదే మొదలు.

కారు బూడిద రంగులో ఉంది. ఎడమ డోరు మీద జానెడు గీత, ఈసారి నిజంగానే ఆమె తోలితే పడ్డది. అంకారావు లేచి దగ్గరకు వెళ్లాడు.

"గేదె అడ్డమొచ్చింది. కంపలోకి తిప్పా," అంది కోటేశ్వరి, చెప్పాల్సింది ముందే చెప్పేస్తూ.

అతను ఆ గీత మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపాడు. బకెట్టు కోసం వంగబోయి మానేశాడు.

"నీకేం తగల్లేదు గదా?"

"నాకేమైంది, బాగానే ఉన్నా."

కాసేపు ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆమె టీ పెట్టుకొచ్చింది. సగం గ్లాసు అయ్యాక అంకారావు అడిగాడు.

"మా ఫ్యాక్టరీ నీ దారిలోనే గదా. రేపట్నించి నన్ను కూడా దింపి పో."

"అక్కడ గేటు ముందంతా రాతిపొడే. కారు మీద పడిద్ది మరి."

"పడనీలే."

ఆమె అతన్ని చూసి నవ్వింది. "ఏడున్నరకల్లా తయారుగా ఉండాలి. నిమిషం ఆగను."

మర్నాడు ఏడూ ఇరవైకే అంకారావు క్యారేజీ పట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు. కారు నిన్నటి దుమ్ముతోనే ఉంది. నన్ను కనీసం పలకరించలేదు. తీగ మీద బనియను పక్కన, ఉతికి ఆరేసిన ఒంటితో వేలాడుతూ వాళ్లిద్దరూ గేటు దాటడం చూశాను. స్టీరింగు దగ్గర ఆమె, పక్క సీట్లో అతను. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి నాకు పనిలేదు, దానికి నాకు రవ్వంత బాధ కూడా కలగలేదు.