బోనెట్ కింద ఆకాశనీలం

ఫోన్ మోగేసరికి నా రెండు చేతుల నిండా వైర్లే. మా ఆయన బోనెట్ కింద నడుము దాకా మునిగిపోయి ఉన్నాడు. "ఎవరో చూడవోయ్" అని లోపలి నుంచే కేకేశాడు. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"రేపు పొద్దున్న ట్రాక్ ఖాళీ. మీ బండి తెచ్చి చూపించండి," అన్నాడు రేసు మైదానం మేనేజరు. "ఆగకుండా పరిగెత్తిందంటే గేటు పక్క మెకానిక్ షెడ్డు మీకే. ఆగిందా, ఇంకో మెకానిక్ కాచుక్కూర్చున్నాడు మరి."

గేటు పక్క షెడ్డు! పెళ్లికి ముందు ఫోన్లో మేమిద్దరం గంటలకొద్దీ కట్టుకున్న కలల మేడ అదే. మా ఆయన ఒక్కసారిగా తలెత్తి, బోనెట్‌కి ఠపీమని కొట్టుకుని, నెత్తి రుద్దుకుంటూనే నవ్వాడు. నేను చెప్పులు లేకుండానే గంతులేశాను.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. "ఏంట్రా ఆ అరుపులు, రేకులు ఎగిరిపోయేలా?"

చెప్పాం.

"ఇల్లలకగానే పండగ కాదు. ముందు దాని ఎక్కిళ్లు ఆపండి."

అదే మా బాధ. పాత కారుకి మా ఆయన టర్బో కిట్ బిగించాడు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో, దానికో చిన్న కంప్యూటరు, ఒత్తిడి చూపే ముల్లున్న మీటరు. మామూలుగా బంగారంలా నడుస్తుంది. ఒక్కోసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కామా, ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. పరీక్షిద్దామని కూర్చుంటే మాత్రం బుద్ధిమంతుడిలా ఉంటుంది.

నేను డిగ్రీలో చదివింది చరిత్ర. అయినా డ్రైవరు సీట్లో కూర్చుని ముల్లుని చూడటం నా ఉద్యోగం. ఇంజన్ నడుస్తుండగా ఆయన ఒక్కో వైరూ కదుపుతాడు.

"కదిలిందా?"

"ఊహూఁ."

"ఇప్పుడు?"

"ఊహూఁ."

మా యుగళగీతం ఇదే. బయట సన్నగా వాన మొదలైంది. రేకుల మీద చినుకులు ఎవరో గుసగుసలాడుతున్నట్టున్నాయి. అద్దానికి ఆవిరి పట్టి లోకమంతా పాలలో కలిసిపోయింది. అద్దం తుడిచిన చోట, బోనెట్ సందులోంచి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వైర్ల మధ్య ఆయన వేళ్లు నెమ్మదిగా ఈదుతుంటే, ఈ మధ్యాహ్నం ఇలాగే సాగిపోతే బావుండుననిపించింది.

మబ్బు దట్టమై మా ఇంటి రేకుల షెడ్డులో చీకటి కమ్మింది. ఎదురు గోడ మీంచి కాస్త వెలుగు పడి ఆయనకి కనపడుతుందని హెడ్‌లైట్లు వేశాను. ముల్లు వణికింది. అంతలో రేడియేటర్ ఫ్యాను తిరిగింది. ముల్లు ఇంకా గట్టిగా ఊగింది, ఇంజన్ ఎక్కిళ్లు మొదలుపెట్టింది.

మా ఆయన కిటికీలోకి తల దూర్చాడు. "ఏం చేశావ్?"

"అయ్యో, నేనేం చెయ్యలేదండీ! లైట్లు వేశానంతే!"

"ఆపి మళ్లీ వెయ్యి."

వేశాను. వణికింది. ఆయన మొహం వెలిగిపోయింది. "కంప్యూటరే పోయిందని దాన్ని పీకేద్దామనుకున్నా. పాపం, దాని తప్పేం లేదు. వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి రావాలి కదా, ఆ ఎర్త్ దారి ఎక్కడో ఇరుకైంది. లైట్లూ ఫ్యానూ అందులోనే తోసుకుంటుంటే, సెన్సర్ చెప్పేది కంప్యూటర్‌కి తప్పుగా వినిపిస్తోంది."

"పెళ్లింట్లో ఒకటే బాత్రూం ఉన్నట్టా?"

"అచ్చం అంతే!"

మల్టీమీటర్ తెచ్చాడు. ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొన కిట్ ఎర్త్ వైరుకి. దారి బాగుంటే సున్నాకి దగ్గరగా చూపించాలట. లైట్లు వెయ్యగానే అంకె అర వోల్టు దాటింది. గబగబా ఆ ఎర్త్ బోల్టు విప్పాడు.

దాని కింద ఆకాశనీలం రంగు, నిగనిగలాడుతూ.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పెళ్లికి ముందు ఒకసారి బోనెట్ ఎత్తి చూసి, "లోపలంతా ఈ నలుపేంటి, ఆకాశంలా ఉంటే ఎంత బావుంటుందో" అన్నాను. ఈ మహానుభావుడు బ్రాకెట్లతో సహా అంతా నీలం చేసి, ఆ రంగు మీదే ఎర్త్ బిగించేశాడు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరచుట్ల సందుల్లోంచి ఎంత పోతే అంతే.

"ప్రేమకి కళ్లుండవని విన్నా గానీ, కరెంటుక్కూడా దారుండదని తెలీదు" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

ఆయన గరుకు కాగితం పట్టుకుని ఆగిపోయాడు. "నీకోసం వేసిన రంగు..."

"ఇటివ్వండి మేస్త్రీగారూ" అని లాక్కుని నేనే గీకాను. నీలం పొడి రాలి, ఇనుము చందమామలా తెల్లగా బయటపడింది. బిగించి, తేమ తగలకుండా పైన గ్రీజు రాశాం. లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేశాం. మల్టీమీటర్ సున్నా దగ్గరే నిలిచింది. ముల్లు నిద్రపోయిన పిల్లిలా కదలకుండా ఉంది.

చీకటి పడుతుండగా, వాన వెలిసిన వీధిలోకి బండి తీశాం. స్టీరింగ్ ఆయనది. తడి రోడ్డు మీద దీపాల వెలుగు పాకుతుంటే, కారు నేలకి తగలకుండా తేలుతున్నట్టుంది. టర్బో సన్నగా ఈల వేసింది. ఆ చప్పుడుకే ఆయన ఉలిక్కిపడి కాలు తీసేశాడు.

"తొక్కండీ!"

తొక్కాడు. ఏదో గులకరాయి టక్కుమంది. మళ్లీ కాలు తీసేశాడు.

"బండికి ఎక్కిళ్లు తగ్గాయి, మీకు పట్టుకున్నాయి" అన్నాను.

వీధి చివర బండి పక్కకి ఆపి, తాళం నా ఒళ్లో పెట్టి ఇటువైపు వచ్చాడు. ఈసారి నేను తొక్కాను. ముల్లు నింపాదిగా పైకి లేచింది. ఎక్కడా తొణకలేదు. ఇళ్లు, గోడలు, గొడుగులు కలలో లాగా వెనక్కి జారిపోయాయి.

తిరిగొచ్చేసరికి అత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఏమైందర్రా?"

"అమ్మా, రేపు వెలుగు రాగానే బయల్దేరుతున్నాం" అన్నాడు మా ఆయన. "ట్రాక్ మీద నడిపేది కోడలు. నేను పక్కన కూర్చుని ముల్లు చూస్తా."