కాంటా మీద సున్నా

గగన్‌పహాడ్‌లో కంకర లారీలు తూచే ధర్మకాంటా నవీన్‌కుమార్‌ది. ఆ పొద్దున కాంటా గదిలో పాత కంప్యూటర్ మూత విప్పి చూడగానే ఆకిఫ్ పెదవి విరిచాడు. శంషాబాద్‌లో రిపేరు దుకాణం పెట్టినప్పటినుంచీ ఇలాంటి ముసలి పెట్టెలు చాలానే చూశాడతను.

"అన్నా, కొత్త విండోస్ దీన్ని ఒప్పుకోదు. ఎట్లనో ఎక్కిస్తే ఎక్కుతది గానీ, కాంటా వైరు పెట్టే ఈ కార్డు సూడు, దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్ల లేదు. తూకం కంప్యూటర్‌లకు రాదు."

"కొత్తది లేకుంటే బిల్లుల ప్రోగ్రాం బంద్ అంటున్నరు. ఎక్కియ్యి."

"కంప్యూటరే మార్చు అన్నా. ఈ కార్డు దాంట్ల పట్టదు, కార్డు గూడ కొత్తది కొనాలె."

"కొత్త కంప్యూటర్ల ఈ కార్డు పట్టదని నువ్వే అంటివి గద. ఎక్కియ్యమన్న."

నవీన్‌కుమార్‌కు ఎదురు చెప్తే ఏమవుతుందో ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. పోయిన ఎండాకాలం ఒక క్లీనరు చెవి తెగింది. ఆకిఫ్ ఇక వాదించలేదు. పాత డిస్కు విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టాడు. కొత్తది బిగించి పని మొదలుపెట్టాడు.

ఈ కంప్యూటర్ పనికిరాదని తెర మొహమ్మీదే చెప్పింది. ఆ తనిఖీని తప్పించి మళ్లీ ఎక్కించాడు. సగంలో తెర నల్లబడింది. మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి కొత్త విండోస్ తెర మీద వెలిగేసరికి నవీన్‌కుమార్ అతని వీపు చరిచాడు.

"రాదంటివి గదరా."

బయట లారీలు రోడ్డుదాకా నిలిచిపోయి ఉన్నాయి. ముందున్నది షాద్‌నగర్ సత్తయ్యది. ముసలాయన బండిని కాంటా మీదికెక్కించాడు. గోడకున్న డబ్బా మీద ఎర్రంకెలు తూకం చూపించాయి. కంప్యూటర్‌లో మాత్రం సున్నా.

ఆకిఫ్ వైరు పీకి పెట్టాడు. సున్నా. కార్డుకు పాత సాఫ్ట్‌వేర్ వెతికి ఎక్కిస్తే మొత్తం పెట్టే ఆగిపోయింది. హారన్లతో గది అద్దాలు అదురుతున్నాయి.

"ముందే చెప్పిన అన్నా. పాత డిస్కు పెడ్త, మళ్ల నడుస్తది."

నవీన్‌కుమార్ ఆ డిస్కు అందుకుని గోడకేసి కొట్టాడు. కిందపడ్డదాన్ని చెప్పుకాలితో తొక్కాడు. "నడిచేదాన్ని కరాబ్ చేసి నాకే చెప్తున్నవా?" తలుపు గడియ పెట్టి, మూలనున్న జాకీ రాడ్డు తీశాడు.

మొదటి దెబ్బ కుడి మణికట్టు మీద పడింది. నొప్పి కంటే ముందు ఎముక విరిగిన చప్పుడు తెలిసింది ఆకిఫ్‌కి. రెండోది భుజం మీద. అతని అరుపు విని సత్తయ్య తలుపును భుజంతో గుద్దాడు. గడియ ఊడింది.

"సేటు, పిలగాడు సస్తడు. ఇడిసిపెట్టు."

నవీన్‌కుమార్ వెనక్కి తిరిగి ఆయన తల మీద కొట్టాడు. సత్తయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. నెరిసిన జుట్టులోంచి రక్తం కళ్లలోకి కారింది. రాడ్డు మళ్లీ లేచింది.

ఆకిఫ్ ఎడమచేత్తో కంప్యూటర్ పెట్టెను వైర్లతో సహా లాగి, ఛాతీకి ఆనించి ఎత్తి, నవీన్‌కుమార్ మోకాలి మీదికి విసిరాడు. మనిషి కూలిపోయాడు. రాడ్డు దూరంగా దొర్లింది. ఆకిఫ్ పెట్టెను మళ్లీ ఎత్తి, పడివున్నవాడి చేతి మీద వేశాడు. వేళ్లు నలిగాయి. మూడోసారి ఎత్తబోతుంటే సత్తయ్య అతని చొక్కా పట్టుకుని లాగాడు.

"సాలు తమ్మీ. పడిపోయిండు. ఇగ సాలు."

దవాఖానలో సత్తయ్య తలకు కుట్లు వేశారు. ఆకిఫ్ చేతికి సిమెంటు పట్టీ వేశారు. పోలీసు వచ్చేలోపు ముసలాయన గొంతు తగ్గించి అన్నాడు. "వాడే జారిపడ్డడని చెప్త."

"వద్దు కాకా. నేనే కొట్టిన. నీకోసం ఒకసారి. రెండోసారి మాత్రం వాని చేతిల ఏం లేకుండె."

పోలీసుకు అలాగే చెప్పాడు. ఇద్దరి మీదా కేసులయ్యాయి. కాంటాకు తాళం పడింది. వాయిదాలకు నవీన్‌కుమార్ కర్ర ఊతంతో వస్తాడు.

ఆకిఫ్ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. పాత పెట్టెలు తెచ్చినవాళ్లకు కాదంటే కాదనే చెబుతాడు. కొందరు గొంతు పెంచుతారు. అప్పుడతని ఎడమచేతి పిడికిలి బల్ల కింద బిగుసుకుంటుంది. అది విప్పుకునేదాకా అతను ఎవరితోనూ మాట్లాడడు.