పళ్లున్న బల్ల

మా మావయ్య నోరు మూసుకుని కూర్చున్నారంటే ఆయనకి జ్వరమైనా వచ్చి ఉండాలి, ఏదో ఘనకార్యమైనా వెలగబెట్టి ఉండాలి. ఆ సోమవారం పొద్దున ఆయన ఒళ్లు చల్లగానే ఉంది.

మాది బల్లలు చేసే వర్క్‌షాపు. చెక్కలో నెర్రెలూ తొర్రలూ ఉన్నచోట రెజిన్ పోస్తాం. అది గట్టిపడి గాజులా మెరుస్తుంది. అందరూ వాడేది పెట్రోలియం నుంచి తీసిన రెజినే. మావయ్య జీవితమంతా దానితోనే గడిచింది, ఆయనకేమీ కాలేదు. ఆయన కొడుకు, అంటే మా ఆయన మీద మాత్రం అది పగబట్టింది. వేళ్లు పగిలి నెత్తురు కారేది, కనురెప్పలు వాచిపోయేవి. చర్మం డాక్టరమ్మ తెగేసి చెప్పింది, ఆ రెజినైనా మానాలి, ఈ పనైనా మానాలి అని. మా ఆయనకి ఇంకో పని రాదు. నేర్చుకోవాలనీ లేదు.

పెళ్లికి ముందు నేను రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. అక్కడి పాత స్నేహితురాలి వెంటపడి, అవిసె నూనె, పైన్ చెట్ల బంక నుంచి చేసిన రెజిన్ తెప్పించాను. డాక్టరమ్మ దాన్ని మా ఆయన వీపు మీద అంటించి చూసింది. ఎర్రబడలేదు. అంతా మొక్కల సరుకే అనుకునేరు, దాన్ని గట్టిపరిచే ద్రవంలో కొంత పాత పద్ధతి రసాయనమూ ఉంది. ఆ సంగతి మావయ్య ముందు ఎత్తడానికి నాకేమైనా పిచ్చా?

"కషాయం పోస్తే దగ్గు తగ్గుతుందమ్మాయ్, బల్ల అవదు," అన్నారు మావయ్య.

"పోసి చూద్దాం మావయ్యా."

"అయితే మన భోజనాల బల్లకే పొయ్యి. సోమవారం పొద్దున అందులో నా గోరు దిగిందా, నీ డబ్బాలన్నీ వెనక్కి. వాడు వేరే పని చూసుకుంటాడు."

ఈ రెజిన్‌కి చలి పడదు, గట్టిపడ్డానికి బద్ధకిస్తుంది. అవి చూస్తే చలి రోజులు, మా షట్టరు చూస్తే కింద పిల్లి దూరేంత సందు. హీటరు పెట్టుకుంటానంటే ఆయన ఇంతెత్తున లేచారు. "పసిపిల్లాడా అది, వెచ్చగా పడుకోబెట్టడానికి? గట్టిపడేదైతే చలిలోనే గట్టిపడుతుంది!" నాకు ఒళ్లు మండింది. అయినా పౌరుషానికి పోయి సరేనన్నాను. శుక్రవారం పోత పోసి, దుమ్ము పడకుండా పైన అట్టలతో గూడు కట్టాను. సోమవారం దాకా ఎవరూ తెరవకూడదని షరతు.

ఆదివారం భోజనాల ముందు మా ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతుంటే అత్తయ్య పెట్టింది. "వేళ్లలో ఎముకల్లేవురా నీకు?" అని వెటకారం చేశారు మావయ్య. ఆ మనిషి మనసు రాయి అనుకున్నాను. మధ్యాహ్నం మేం ముగ్గురం చుట్టాలింటికి వెళ్తే, మోకాలి నొప్పని ఆయన ఇంట్లోనే ఉండిపోయారు. రాత్రి మేం తిరిగొచ్చేసరికి ముసుగుతన్ని పడుకున్నారు.

ఇక సోమవారం పొద్దున నోట మాట లేదు. కాఫీ తాగారు, బిస్కెట్లు వద్దని చెయ్యి ఊపారు. ఏమైందని అడిగితే గొంతు చూపించారు.

"హమ్మయ్య," అంది అత్తయ్య.

అందరం వర్క్‌షాపులోకి వెళ్లాక నేను గూడు విప్పాను. రెజిన్ తళతళలాడుతోంది. దాని మధ్యలో సగం మునిగి, మావయ్య పైపళ్ల సెట్టు మమ్మల్ని చూసి నవ్వుతోంది.

పనిలో జారుతుంటాయని ఆయన ఆ కట్టుడు పళ్లు తీసి చొక్కా జేబులో వేసుకుంటారు. అంటే గూడు తెరిచి, బల్ల మీదికి వంగారన్నమాట.

"చెడగొట్టడానికే కదూ వచ్చారు?" అని అరిచాను. "మీ మాట నెగ్గడం కోసం కన్నకొడుకు పొట్ట కొడతారా?"

మావయ్య మీద నేనెప్పుడూ అలా గొంతు లేపలేదు. ఆయన షట్టరు వైపు చూస్తూ నిలబడ్డారు.

ఈలోగా అత్తయ్య బల్ల కిందికి వంగింది. "ఇదిగో నా హీటరు! రాత్రంతా కాళ్లు కొంకర్లు పోయి చచ్చాను!" దాని తీగ ఇంకా ప్లగ్గులోనే ఉంది.

మా ఆయన బల్ల మీదికి వంగి పళ్ల చుట్టూ పరీక్షగా చూశాడు. ఒక్క గీత లేదు, వేలిముద్ర లేదు.

"పడ్డప్పుడు పచ్చిగానే ఉండుంటుంది కదా నాన్నా. తీసుకోలేదేం?"

మావయ్య నోరు తెరవక తప్పలేదు. మాటల కంటే గాలే ఎక్కువ వచ్చింది.

"తీస్తే గుంట పడదూ? అది చూసి మీ ఆవిడ పోత పాడైందనుకోదూ? నువ్వు పని మానెయ్యవూ?"

ఎవరం నవ్వలేదు. నాకు సిగ్గేసింది, ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఆయన అదేం పట్టించుకోకుండా బొటనవేలి గోరు రెజిన్ మీద ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నొక్కారు. దిగలేదు. ఇంకోచోట నొక్కారు. అక్కడా దిగలేదు.

"పళ్లు మాత్రం ఇక రావు మావయ్యా," అన్నాను. "చెక్క కొయ్యాల్సిందే తప్ప అది వదలదు."

"అసలు వదలదా?"

"వదలదు."

"పోతే పోనీ," అన్నారాయన బోసినోటితో, కొడుకు వేళ్ల వైపు చూస్తూ.