వత్సల అనే పేరు

ఆఫీసులో ఆమెను అందరూ "పుట్టుకల మేడమ్" అనేవారు. పక్క కౌంటర్లో మరణాలు రాసే పెద్దాయన "చావుల సారు". ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఒకటే. ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా పేరు, తేదీ, తల్లిదండ్రుల వివరాలు రిజిస్టరులోకి ఎక్కించాలి. సగం ఊరి పేర్లు ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. ఆమె పేరు మాత్రం ఎవరి నోటా రాదు. ఇంట్లో పిలవడానికి మనుషులు లేరు. ఒక అద్దె గది, ఒక మంచం, కిటికీ పక్కన కుర్చీ. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ పేరుతో పిలిచే గొంతు అమ్మతోనే పోయింది. అన్నయ్య ఎప్పుడైనా ఫోన్ చేస్తే "చిన్నీ" అంటాడు, అదీ హడావుడిగా.

ఆ ఏడు పెద్దాఫీసరుకి ఒక ఆలోచన తట్టింది. అరవై ఏళ్ళ రిజిస్టర్లు తిరగేసి, ఏ ఏడు ఏ పేరు ఎంతమందికి పెట్టారో జాబితా తీయమన్నాడు. వెబ్‌సైట్‌లో పెడితే జనం సరదాగా చూసుకుంటారట. పని ఆమె నెత్తిన పడింది. ఆమె కాదనలేదు. మధ్యాహ్నాలు పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పకుండా మొదట వెతికింది తన పేరే. వత్సల.

ఆమె పుట్టిన ఏడు ఒక్క ఊళ్ళోనే నలభై ముగ్గురు వత్సలలు. ఎందుకో చావుల సారు చెప్పాడు. ఆ రోజుల్లో రేడియోలో సాయంత్రంపూట పిల్లలకు కథలు చెప్పే ఒకావిడ ఉండేదట, పేరు వత్సల. ఆవిడ గొంతు విని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరూ కూతురు పుడితే ఆ పేరే పెట్టాలని పట్టుబట్టారట. "మా అమ్మా అనుకుంది. తీరా చూస్తే నేను పుట్టాను," అన్నాడాయన, ఇప్పటికీ అది తన తప్పే అన్నట్టు.

ఆవిడ రేడియో మానేశాక పేరు జోరు తగ్గింది. ముప్ఫై, పన్నెండు, రెండు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒక్కటి, అదీ తన చేతిరాతే, రాసినట్టు గుర్తు కూడా లేదు. ఆ తర్వాత ఎంత వెతికినా లేదు.

ఆ ఒక్కదాని దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. రిజిస్టరులోని చిరునామా సొంతానికి రాసుకోకూడదని ఆమెకి తెలుసు. అయినా రాసుకుంది. ఆదివారం ఇస్త్రీ బట్టలు వేసుకుని, రెండు బస్సులు మారి, బట్టలు కుట్టే దుకాణం పైవాటా తలుపు తట్టింది. ఏం మాట్లాడాలో మెట్లెక్కేదాకా అనుకోనేలేదు.

తలుపు తీసినావిడ, ఆ వత్సల తల్లి, ఎవరు కావాలంది. "వత్సల," అని పైకి అనేసరికి తన గొంతే తనకి కొత్తగా వినిపించింది. తల్లి ఒక క్షణం తెల్లమొహం వేసి, తర్వాత తేరుకుని "ఒసే బుజ్జీ" అని లోపలికి కేకేసింది. అది అత్తగారి పేరనీ, ఆవిడ మనసు నొప్పించలేక పెట్టామనీ, ఆవిడ పోయాక అలా పిలిచేవాళ్ళే లేరనీ చెప్పింది. ఎందుకొచ్చారని అడిగితే, రికార్డులు సరిచూస్తున్నామని ఆమె అబద్ధమాడింది.

కాలేజీలో చదివే పిల్ల, తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. రికార్డు అన్న మాట చెవినపడగానే పేరు ఎలా మార్చుకోవాలని అడిగింది. క్లాసులో అందరూ తనని "నానమ్మా" అని ఏడిపిస్తున్నారట.

"అసలు దీనికి అర్థమంటూ ఉందా?"

"ఉంది. వత్సమంటే దూడ. దూడ కనబడకపోతే ఆవు కాలు నిలవక తిరుగుతుందే, అలాంటి ప్రేమ ఉన్నది వత్సల."

పిల్ల జుట్టు తుడుచుకోవడం ఆపింది. "నాకు దూడలు లేవుగా," అంది.

తల్లి కసిరింది. ఆమెకి మాత్రం నవ్వొచ్చింది. నాకూ లేవు అనబోయి మాట మింగేసింది. ఏ ఫారం నింపాలో, ఏ కాగితాలు తేవాలో ఒక చీటీ మీద రాసిచ్చి, ఇచ్చిన టీ సగం తాగి వచ్చేసింది. బస్సులో చాలాసేపు, ఎందుకెళ్ళానా అని తనని తనే తిట్టుకుంది.

బుధవారం ఆ పిల్ల కాగితాలన్నీ పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చింది. కొత్త పేరు రెండక్షరాలు. ఆమె దాన్ని రెండుసార్లు తప్పుగా పలికితే పిల్ల ఓపిగ్గా దిద్దింది. అర్థమేమిటని అడిగితే, అలాంటిదేం లేదు, వినడానికి బావుంటుందంది. ఆమె రిజిస్టరు తీసి, పాత పేరు మీద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసింది. పైన కొత్త పేరు రాసి, కాగితం మీద ముద్ర కొట్టి, కింద పొడి అక్షరాలు కుదరవు కాబట్టి పూర్తి పేరుతో సంతకం చేసింది.

పిల్ల ఆ సంతకం కూడబలుక్కుని చదివి తలెత్తింది.

"మీదీ అదేనా? మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్తే మొహమాటపడి ఊరుకునేదానివి."

"మీకు బాధనిపించలేదా?"

ఆమెకి గొంతు దాకా చాలా మాటలొచ్చాయి. ఆ పేరు పెట్టుకున్న చివరి పిల్ల ఈ ఊళ్ళోనే ఉందని తెలిసి నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదని, ఏదో ఒక వంక పెట్టుకుని మళ్ళీ ఆ మెట్లెక్కుదామనుకున్నానని. చెబితే ఈ పిల్ల ఏం చేసుకుంటుంది?

"నీ పేరు, నీ ఇష్టం. ఈ కాగితం జాగ్రత్తగా దాచుకో, ఇంకో కాపీ కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి," అంది.

"థాంక్స్ మేడమ్," అని పిల్ల వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే వీధిలో స్నేహితురాలు కొత్త పేరుతో గట్టిగా పిలుస్తోంది. పిల్ల మొదటి పిలుపుకే వెనక్కి తిరిగింది. ఎన్నాళ్ళ నుంచో అలవాటున్నట్టు.

వరుసలో తర్వాత ఒక కుర్ర జంట. తండ్రి చేతిలో ఆసుపత్రి కాగితం, తల్లి భుజం మీద ఎనిమిది రోజుల ఆడపిల్ల. పేరు ఇంకా కుదరలేదట. చూసిన ప్రతి పేరూ ఎవరికో ఒకరికి ఉందట. తండ్రి కౌంటరు మీదికి వంగి, "ఇన్నేళ్ళుగా రాస్తున్నారు కదా, మీకు నచ్చిన పేరేదైనా చెప్పండి మేడమ్," అన్నాడు.

ఆమె బిడ్డ వంక చూసింది. పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

"ఏడాది దాకా గడువుందండీ. తొందరేం లేదు, మీరే ఆలోచించుకోండి," అని, పేరు గడి ఖాళీగా వదిలేసి, మిగతా వివరాలు ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.